ఆయన కొనిచ్చిన విజిల్

పోయిన నెలలో గరాజ్ ఖాళీ చేద్దామని మా అమ్మాయి లలిత వచ్చింది. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. కారు పెట్టుకోవాల్సిన ఆ గదిలో కారు ఏనాడూ నిలబడింది లేదు. ఒక గోడకి అల్యూమినియం పడవ, ఇంకో గోడకి గాలాలు, పైన అటక మీద టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, కింద లాంతర్లు, పొయ్యిలు, ఐస్ పెట్టెలు. పెద్ద టెంటు మూట విప్పగానే వాసన వచ్చింది. తడిసి ఆరిన కాన్వాసు గుడ్డ, పొగ, పొయ్యిలో పోసే నూనె, అన్నిటికీ అడుగున చేపల నీచు. లలిత కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చి, "నాన్న స్మెల్ అమ్మా ఇది" అంది. నాకు మాత్రం ఆ వాసనకి ఊపిరాడలేదు. బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను.

లోపల మా మరిది శేషు గాలాల పెట్టె తెరిచాడు. ఆయన తమ్ముడు. చదువుకుంటున్న రోజుల్లో మా ఇంట్లోనే ఉండేవాడు, ఇప్పుడు తనకీ మనవలున్నారు. గాలాల మధ్య నుంచి నల్లతాడుకి వేలాడుతున్న ఒక నారింజరంగు విజిల్ పైకి తీశాడు. ప్లాస్టిక్‌ది. ఎండకి వెలిసిపోయి ఒకవైపు తెల్లబడింది.

"అమ్మ మెళ్ళో ఉండే విజిల్ కదా బాబాయ్?" అని అడిగింది లలిత.

"అదే. కొండ కథ గుర్తుందా నీకు? అన్నయ్య చెప్పని పార్టీ లేదు కదే." నా వైపు చూసి నవ్వాడు. "వదినా, వచ్చే నెల అందరం ఆ వాగు దగ్గరికి వెళ్తున్నాం కదా, అక్కడ నేనే చెప్తాను. అన్నయ్యలాగా చెప్పలేను గానీ ట్రై చేస్తా."

ఆ కథ నలభై ఏళ్ళుగా నా గురించి ఇతరులు చెబుతున్న కథ. పకోడీల పళ్ళెం పట్టుకుని నేను హాల్లోకి వచ్చేటప్పటికి ఎప్పుడూ దాని చివరి మాట దగ్గర ఉండేది, అందరూ నవ్వుతుండేవాళ్ళు. నలుగురిలో నిలబడి కథ చెప్పడం నాకు చేతకాదు. రాయడం మాత్రం ఈమధ్య వచ్చింది. అందుకని రాస్తున్నాను.

ముందు ఆయన గురించి చెప్పాలి. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. వారమంతా తెల్లకోటు, తలకి టోపీ, కిటికీ ఒక్కటీ లేని గది. ఆ గదిలోకి దుమ్ము రాకూడదట, అందుకని గాలిని కూడా వడకట్టి వదిలేవారట. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఒసేవ్, ఈ వారం కూడా బతికి బయటపడ్డాను" అనేవాడు. ఆ మాట ఆయన నవ్వులాటకి అనలేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. శనివారం తెల్లవారేసరికి స్టేషన్ వ్యాగన్ పైన పడవ కట్టి ఉండేది. వేసవిలో కొండల్లో వాగుల దగ్గర చేపలు, చలికాలంలో ఎడారిలో టెంట్లు, వసంతంలో ఉప్పునది మీద పడవ. గువ్వల వేటకి పోయేవాడు. నక్షత్రాలు చూసే గొట్టం ఒకటి కొన్నాడు. పెరట్లో గోంగూర, దోస పెంచి, నాలుగో ఏటికి ఇరవై ఇళ్ళకి పంచాడు. అప్పట్లో ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆయనే పెద్దదిక్కు. కొత్తగా వచ్చిన కుర్రాడికి కారు నేర్పేది ఆయన, ఎవరికి పిల్ల పుట్టినా ఆసుపత్రికి ముందు వెళ్ళేది ఆయన. పిల్లలంతా క్యాంపింగ్ అంకుల్ అనేవాళ్ళు. ఆయన కారు వెనక నాలుగు కార్లు, ఐదు కార్లు, పెళ్ళివారి బళ్ళలాగా వరసగా కదిలేవి. ఎవరి పిల్లాడికైనా గాలానికి ఎర గుచ్చడం చేతకాకపోతే వాడికి వచ్చేదాకా పక్కన కూర్చునేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోవడం చూడలేదు నేను. అంత ఓపిక.

నాకు పెళ్ళయినప్పుడు ఆయన హైస్కూల్లో ఉన్నాడు. గుంటూరు జిల్లాలో పక్కపక్క ఊళ్ళు మావి. ఆయన ఊరు దాటి, జిల్లా దాటి, సముద్రం దాటి చదువుకుంటూ పోయాడు. నేను మా అత్తగారి దగ్గర గేదెల్ని చూసుకుంటూ ఉండిపోయాను. బడి ముఖం నేను చూడలేదు. ఇంటికి పెద్దపిల్లని, కింద ముగ్గురు, మా అమ్మ పొలం పోతే వాళ్ళని చంకనెత్తుకోవడమే నా చదువు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఆయన ఉద్యోగంలో కుదురుకున్నాక, నన్ను పిలిపించుకున్నాడు. మనసు మారి ఎవరో చదువుకున్నదాన్ని చేసుకుంటాడని మా ఊళ్ళో పందేలు కట్టారట. చేసుకోలేదు. ఆ మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం.

చాండ్లర్‌లో మా ఇల్లు అప్పటికి కొత్త ఇళ్ళ వరసలో చివరిది కాదు, చివరికి దగ్గర. వీధి దాటితే పత్తిచేలు. విమానం దిగి కారులో వస్తుంటే ఆ చేలు చూసి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఇంత దూరం వచ్చి మన పంటే చూడటమేమిటని. ఆ సంతోషం నిలవలేదు. ఎండకి ఇంటి తలుపులూ కిటికీలూ ఏడాదిలో సగం మూసే ఉండాలి. ఆయన ఆఫీసుకి, శేషు కాలేజీకి పోయాక ఏసీ మోత ఒక్కటే ఇంట్లో. అంట్లు తోమేదాన్ని, పప్పు రుబ్బేదాన్ని, ముందుగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అద్దంలోంచి పత్తిచేను చూసేదాన్ని. పూత ఎప్పుడొచ్చింది, కాయ ఎప్పుడు పగిలింది, ఏ మడికి నీళ్ళు చాలలేదు, అన్నీ తెలిసేవి. ఒక ఉదయం మిషను వచ్చి చేనంతా దులిపేసుకుపోయింది. మొదళ్ళలో, గట్ల మీద, చెట్లకి అంటుకుని ఎంత పత్తి వదిలేసిందో. మా ఊళ్ళో అయితే ఆ వదిలేసిన పత్తి ఏరుకోవడానికే పదిమంది వచ్చేవాళ్ళు.

వెళ్ళాను. చెప్పులేసుకుని, కొంగు దోపుకుని, వీధి దాటి చేలోకి వెళ్ళాను. అప్పటికి లలిత కడుపులో ఉంది. కొంగు నిండా పత్తి ఏరాను. అంత హాయిగా ఈ దేశంలో అంతకుముందు లేను. తలెత్తి చూసేసరికి చేనికి అవతలి గట్టు మీదికి వచ్చాను, ఎదురుగా ఇళ్ళున్నాయి గానీ నాది ఏదో తెలియలేదు. అన్నీ ఒకే పెంకు, ఒకే మట్టిరంగు గోడ, ఒకే గరాజ్ తలుపు. వీధి చివర బోర్డులున్నాయి, గోడల మీద అంకెలున్నాయి. అవి నాకు కోడి గీతలు. మధ్యాహ్నం దాకా ఆ వీధుల్లో తిరిగాను. చివరికి ఒక ముసలమ్మ కుర్చీలో కూచోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎవరెవరికో ఫోన్లు చేసింది. సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళ్ళాడు. మా ఇల్లు ఆ పక్క వీధిలోనే ఉంది.

తిట్టలేదు. "ఎందుకే ఒంటరిగా పోతావు? ఎక్కడికి పోవాలో చెప్పు, నేను తీసుకెళ్తాగా" అన్నాడు. మర్నాడు మా ఇంటి పోస్టు డబ్బాకి నా పాత ఎర్రచీర పీలిక ఒకటి కట్టాను, గుర్తుగా. ఆయన చూసి విప్పేశాడు. "చూసేవాళ్ళకి బాగోదే." అంతే. ఆ తర్వాత ఆయన తలుపుకి తాళం వేసి వెళ్ళిందెప్పుడూ లేదు. వెయ్యాల్సిన పని లేదు.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. నా అంతట నేను ఆ తలుపు తీసుకుని వెళ్ళి, నా అంతట నేను తిరిగి రాగలగాలి. దానికి అక్షరాలు కావాలని ఆ మధ్యాహ్నమే అర్థమైంది. ఒక ఆదివారం, ఆయన గరాజ్‌లో చేపలు కోస్తుంటే పక్కన న్యూస్‌పేపర్ పరుస్తూ అడిగాను. "ఈ పేపర్లో గీతలు నాకూ నేర్పకూడదా?" ఆయన పొలుసులంటిన చేత్తో కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంగ్లీషా? ఈ వయసులో ఎందుకే తలనొప్పి. నేనున్నాగా" అన్నాడు. ఇరవై ఏడో ఎనిమిదో నా వయసు.

శనివారాలు బయటికి వెళ్ళేవాళ్ళం కదా అంటారేమో. వెళ్ళేవాళ్ళం. ఇల్లు కాస్తా వెళ్ళి టెంటయ్యేది. ఆయన అందరికన్నా ముందు లేచి గరిటతో పళ్ళెం మీద కొట్టేవాడు, ఇంకో పూట మొదలైందని. పొయ్యి దగ్గర ఉప్మా, చద్దన్నంలో పెరుగు, ముందురోజు కలిపి తెచ్చిన పులిహోర, పట్టుకొచ్చిన చేపల పులుసు. చింతపండు కోసం ఊరికి అటువైపున్న ఒకే ఒక్క ఇండియన్ షాపుకి నెలకోసారి పోవాల్సిన రోజులవి. మగవాళ్ళు, పిల్లలు వాగు వెంట పోయేవాళ్ళు. మిగతా ఆడవాళ్ళలో చదువుకున్నవాళ్ళు పత్రికలు చదువుకునేవాళ్ళు, కొందరు కార్లు వేసుకుని ఊళ్ళోకి పోయొచ్చేవాళ్ళు. నన్ను మాత్రం ఆయన, "నువ్వు టెంటు దగ్గరే ఉండు, ఎటూ కదలకు, ఇక్కడ తప్పిపోతే వెతకడానికి ముసలమ్మలుండరు" అని చెప్పి మరీ వెళ్ళేవాడు. కట్టేసిన పలుపు ఎంత పొడుగైతే ఏం, గేదె తిరిగేది దాని చుట్టూనే.

అలాగని నాకేమీ నేర్పలేదని కాదు. ముడులు వెయ్యడం నేర్పాడు, పడవ కట్టే ముడి ఇప్పటికీ కళ్ళు మూసుకుని వేస్తాను. ఇసకలో అడుగులు చూపించి ఇది జింక, ఇది అడవిపంది, ఇది పొద్దున వెళ్ళింది, ఇది నిన్న వెళ్ళింది అని చెప్పేవాడు. ఒకసారి నేనే ముందు పోల్చి చెబితే మురిసిపోయి అందరినీ పిలిచాడు. "చూశారా, మా ఆవిడ చదువు." ఆయన ప్రేమగానే అన్నాడు. నేలమీది అడుగులు చదవగలిగినదానికి కాగితం మీదివి ఎందుకు రావు అని ఆయనకి ఒక్కసారీ తోచలేదు.

కొండదారి మొదలయ్యేచోట కర్రకి బిగించిన ఇనప పెట్టె ఒకటి ఉంటుంది అక్కడ. లోపల పుస్తకం, పెన్సిలు. లోపలికి వెళ్ళేవాళ్ళు పేరు, ఎంతమందో, ఎటు వెళ్తున్నారో రాసి వెళ్ళాలి, తప్పిపోతే వెతకడానికి. ఆయన ప్రతిసారీ ఠీవిగా రాసేవాడు. ఏం రాశారని అడిగితే, "నా పేరు అండ్ ఫ్యామిలీ" అనేవాడు. "మా పేర్లు?" "అందులోనే ఉన్నారుగా మీరంతా." పెన్సిలు లోపల పెట్టి మూత మూసేవాడు.

ఇప్పుడు ఆ కథ. లలితకి నాలుగేళ్ళు. ఆగస్టు నెల. పేసన్ అనే ఊరు దాటి పైన, పైన్ చెట్ల మధ్య వాగు ఒడ్డున టెంటు వేశాం. శేషుకి పరీక్షలు, మిగతావాళ్ళకి ఎవరిదో పిల్లాడి పుట్టినరోజు, మేం ముగ్గురమే వెళ్ళాం. పొద్దున్నే ఆయన గాలం తీసుకుని వాగు వెంట కిందికి వెళ్ళాడు. చుట్టుపక్కలే కదా అని పెట్టెలో పేరు కూడా రాయలేదు. భోజనం వేళకి వస్తానన్నాడు. భోజనం వేళ దాటింది. మబ్బు కమ్మింది, పైన కొండల్లో ఎక్కడో ఉరిమింది. మా దగ్గర నాలుగు చినుకులే పడ్డాయి గానీ కాసేపటికి వాగు రంగు మారింది. పొద్దున అడుగు రాళ్ళు కనపడేంత తేటగా ఉన్నది, ఎర్రటి బురదై, దుంగల్ని దొర్లించుకుంటూ వచ్చింది. ఆ హోరులో పక్కనున్న లలిత ఏడుపు నాకు వినపడలేదు, నోరు మాత్రం కనపడింది.

పిల్లని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. ఎటూ కదలకు అన్న మాట మొదటిసారి దాటాను. అడవిని చూసుకునే ఉద్యోగి, రేంజరంటారు, ట్రక్కులో వస్తున్నాడు. చెయ్యెత్తి ఆపాను. "హజ్బెండ్, హజ్బెండ్" అన్నాను. అతను దిగి, చాలా మర్యాదగా, మెల్లగా అడిగాడు. హజ్బెండ్ నేమ్?

నాకు అర్థం కాలేదని ఆ కథలో చెబుతారు. అర్థమైంది. ఆ రెండు ముక్కలూ నాకు బాగా తెలుసు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు, ఆవిడకి వాళ్ళ అత్తగారు. ఓట్ల జాబితా రాసేవాళ్ళు వస్తే మా పెద్దత్త, "పుట్టలో ఉంటాడే, ఆ సామి" అనేది, వచ్చినతను సుబ్బారాయుడు అని రాసుకుని పోయేవాడు. ఎదురింటావిడ వెన్నముద్ద తింటున్నట్టు చెయ్యి చూపించేది, కృష్ణమూర్తి. మా ఆయనది ఏడుకొండల మీది స్వామి పేరు. ఊళ్ళో నన్నెవరైనా అడిగితే కొండవైపు చెయ్యి చూపి దణ్ణం పెట్టేదాన్ని, చాలు, అందరికీ తెలిసిపోయేది. ఇక్కడ, ఆ మనిషి ఎక్కడో నీళ్ళలో ఉన్నాడో లేడో తెలియని పూట, ఆ పేరు నోట పలికి ఉన్న ఆయుష్షు కూడా తీసెయ్యమంటారా? అక్షరాలొస్తే కాగితం మీద రాసిచ్చేదాన్ని. రాయొద్దని ఏ అత్తగారూ అనలేదు. లలితని అడిగితే "డాడీ" అంది.

రేంజరు మళ్ళీ అడిగాడు. నేను చెయ్యెత్తి ఎదురుగా ఉన్న కొండని చూపించాను. చూపించి దణ్ణం పెట్టాను.

అతను తల ఊపి, రేడియోలో మాట్లాడాడు. ఇంకో రెండు ట్రక్కులొచ్చాయి. మనుషులు కొండెక్కడం మొదలుపెట్టారు. నేను "నో, నో" అని వాగు చూపించాను, కిందికి చూపించాను. వాగు పొంగడం చూసి భయపడుతున్నాననుకుని, ఒకామె నాకు దుప్పటి కప్పి ట్రక్కులో కూర్చోబెట్టింది. తలుపు వేసింది. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. నాకు తెలుసు ఆయన ఎటు వెళ్ళాడో. వాగు పక్కన ఇసకలో ఆయన బూటు అడుగులు పొద్దున నేనే చూశాను. ఆయన నేర్పిన చదువు. చెప్పడానికి మాట లేదు, రాయడానికి గీత లేదు. కొండ మీద మనుషులు చీమల్లా కదులుతూ, నాకు వినపడని కేకలు పెడుతున్నారు. ఇంట్లో అద్దం, ఇక్కడా అద్దం.

ఆ రాత్రి సంగతి నేను రాయను.

తెల్లవారి నీళ్ళు తీశాక, వాగుకి అవతలి గట్టు మీద నుంచి, మెలిపడిన కాలు ఈడ్చుకుంటూ ఆయనే నడిచొచ్చాడు. నీళ్ళు ఒక్కసారిగా వస్తే అవతలి బండ మీదికి ఎక్కేశాడట. సాయంత్రమంతా ఎదురు కొండ మీద మనుషులు తిరగడం చూస్తూనే ఉన్నాడట, పాపం ఎవరు తప్పిపోయారో అనుకున్నాడట. నేను కొండ ఎందుకు చూపించానో చెప్పాక, ఆయన నేల మీద కూలబడి నవ్వాడు. రేంజర్లకి ఇంగ్లీషులో విడమరిచి చెబితే వాళ్ళూ నవ్వారు. దుప్పటి కప్పినామె నన్ను కౌగిలించుకుని నవ్వింది. ఆయన బతికొచ్చాడన్న సంతోషం ఉంది గానీ నాకు నవ్వు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో అన్నాను.

"ఏవండీ, నాకు అక్షరాలు నేర్పించండి."

"నా పేరు పలకడం నేర్పిస్తా ముందు" అని మళ్ళీ నవ్వాడు.

"నవ్వులాట కాదు. అందరి పిల్లలకీ అన్నీ నేర్పుతారు. నాకు ఇదొక్కటే."

ఆయన రెండు మలుపులు కారు తిప్పాడు. తర్వాత అన్నాడు, "భయపడ్డావు కదూ. సరే, దీనికో ఉపాయం చేస్తాను." పేసన్‌లో కారాపి, సామాన్ల కొట్లోకి వెళ్ళొచ్చి నా ఒళ్ళో ఒక విజిల్ పెట్టాడు. నారింజరంగుది, నల్లతాడు. "మెళ్ళో వేసుకో. మైలు దూరం వినపడుతుంది. భయమేస్తే ఊదు, ఎక్కడున్నా వచ్చేస్తా."

వేసుకున్నాను. ఎనభైలన్నీ, ప్రతి క్యాంపులో, మంగళసూత్రం పక్కన అది వేలాడేది. వంగి పొయ్యి ఊదుతుంటే రెండూ ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేవి. ఒక్కసారి కూడా ఊదలేదు. ప్రతి పార్టీలో ఆయన చివరగా, "మా ఆవిడ బతికుండగానే నన్ను కొండెక్కించింది" అనేవాడు, దీపం కొండెక్కడం తెలిసిన పెద్దవాళ్ళు పొట్ట పట్టుకునేవాళ్ళు. ఎవరైనా కొత్తవాళ్ళు "ఆంటీ, నిజమేనా?" అంటే తల ఊపి పళ్ళెం ముందుకి జరిపేదాన్ని.

అక్షరాలు చివరికి మా మనవరాలి వల్ల వచ్చాయి. లలిత కూతురికి ఆరేళ్ళప్పుడు గుడి వెనక హాల్లో ఆదివారాలు తెలుగు క్లాసు పెట్టారు. పిల్లని దింపి బయట కూర్చోవడం నా పని. ఎండకి లోపల కూర్చోమన్నారు. వెనక బెంచీలో కూర్చున్నాను. పాఠం చెప్పే అమ్మాయి శుక్రవారం దాకా ఆఫీసు ఉద్యోగం చేసి వచ్చేది, బోర్డు మీద 'అ' రాసి పిల్లల చేత దిద్దించేది. పిల్లలు 'అమ్మ' అన్నమాట కూడా ముక్కుతో పలికేవాళ్ళు. మూడో వారమో నాలుగో వారమో ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మగారూ, మీక్కూడా ఒక షీట్ ఇవ్వనా?" అని అడిగింది. అదేదో మంచినీళ్ళు కావాలా అన్నట్టు. ఆయన పార్కింగ్‌లో కార్లో కూర్చుని గాలం చక్రానికి నూనె రాసుకుంటున్నాడు. నా చేతిలో కాగితం చూసి, "ఏవిటే, మనవరాలితో పోటీయా?" అన్నాడు. ఆ కాగితం మడిచి కొంగులో దోపుకున్నాను. తెలుగు చదవడం వచ్చేశాక తెలిసిందేమంటే, చాండ్లర్ మొత్తంలో నేను చదవగలిగిన బోర్డు ఒక్కటీ లేదు. అప్పుడు మనవరాలే ఇంగ్లీషు గీతలు నేర్పింది. వీధి పేరు చదివి మా ఇంటికి నేనే తిరిగొచ్చిన రోజున పత్తిచేను ఎటుందా అని చూశాను. అక్కడ అపార్ట్‌మెంట్లు లేచి చాలా ఏళ్ళయింది.

ఆఖరి ఏడాది ఆయన నడవలేకపోయాడు. కారు తాళాలు లలిత తీసేసుకుంది. ముందుగదిలో, కిటికీ పక్కన, చక్రాల కుర్చీలో కూర్చునేవాడు. సరిగ్గా నేను కూర్చున్నచోటే. ఏసీ మోత. తలుపులు మూసి. మబ్బు ఏ వైపు నుంచి వస్తోందో చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "బయటికి తీసుకెళ్ళవే" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. నా లోపల ఎన్నో ఏళ్ళు ఉన్న గొంతు అది, బయటికి రానిది. ఎక్కడికి పోవాలో చెప్పండి, నేనున్నాగా అని అందామనిపించింది. అనలేదు. టోపీ పెట్టి, కుర్చీ తోసుకుంటూ కాలవ గట్టు దాకా తీసుకెళ్ళాను. నీళ్ళు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. వచ్చేటప్పుడు వీధి మలుపులో, "ఎటు తిరగాలో తెలుసా?" అని అడిగాడు. బోర్డు చదివి వినిపించాను. ఆయన వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం వెళ్ళాం, నడిపించేది నేనే కనక దారి కూడా నా ఇష్టమే.

నిన్నగాక మొన్న అందరం ఆ వాగు దగ్గరికి వెళ్ళొచ్చాం. చాలామంది వచ్చారు. క్యాంపింగ్ అంకుల్ దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలకి తల నెరుస్తోంది. అందరూ ఆయన గురించి మంచిమాటలు చెప్పారు, అన్నీ నిజమే. శేషు కొండ కథ మొదలుపెట్టాడు. నేను లేచి దారి మొదలయ్యేచోటికి నడిచాను. పెట్టె అక్కడే ఉంది, కొత్తది, పుస్తకం మాత్రం అలాంటిదే. పెన్సిలు తీసుకున్నాను. మొదటి గడిలో తెలుగులో నా పేరు రాశాను. రత్తమ్మ. నన్ను వదినా అని, ఆంటీ అని, అమ్మా అని, ఒసేవ్ అని పిలిచారు గానీ ఈ దేశంలో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఎంతమంది అన్నచోట ఒకటి వేశాను. ఆయన పేరు ఎక్కడా రాయలేదు. ఈ కాగితాల్లో కూడా రాయలేదు. ఇప్పుడు రాయడం వచ్చు, అయినా రాయలేదు.

వెనక నుంచి లలిత పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఎక్కడికి? బాబాయ్ నీ స్టోరీ చెప్తున్నాడు."

"కొండెక్కి వస్తాను. ఆ మొదటి మలుపు దాకా."

"ఒక్కదానివా? ఉండు, నేనూ వస్తా."

"వద్దు."

అది ఆగి నన్నే చూసింది. తర్వాత జేబులోంచి విజిల్ తీసి, తాడు విప్పదీసి నా మెడలో వెయ్యబోయింది. "అట్లీస్ట్ ఇది తీసుకెళ్ళమ్మా, ప్లీజ్."

విజిల్ దాని చేతిలోనే పెట్టి వేళ్ళు మడిచాను.

"నువ్వుంచుకో. నీకు భయమేస్తే ఊదు, వచ్చేస్తా."